కొడుకు అప్పగింతలు

కోల్‌కతా,
24 జూన్ 2024

అక్కా,

చేతిలో ఫోనుండగా ఉత్తరమేమిటని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తుంటావు. స్పోర్ట్స్ హాస్టల్లో ఉన్నప్పుడు నీకు ఇన్‌లాండ్ లెటర్లు రాసేవాణ్ణి, గుర్తుందా. అన్నింట్లో ఒకటే వార్త, అన్నం బాగాలేదని. ఇప్పుడు అన్నం బాగానే ఉంది.

ఈసారి నా గదిలో సాత్విక్ అనే నెల్లూరు పిల్లాణ్ణి వేశారు. ఇరవై ఒక్క ఏళ్లు. మంచివాడే, కాని తెలుగు వచ్చినవాడు. నేను ఫోన్లో మాట్లాడిందంతా వింటాడు, తరువాత "అన్నా, అమ్మకు బీపీ తగ్గిందా" అని అడుగుతాడు. నా ఫోన్ తీసుకుని గేములాడతాడు కాబట్టి మెసేజీలూ పెట్టలేను. ఇప్పుడు రాసేది వాడి కంట పడకూడదు. ఎవరి కంటా పడకూడదు.

మే నెలలో ఇంటికొచ్చినప్పుడు నా ఎడమ మోకాలు చూశావు కదా. అమ్మ రోజూ నూనె రాస్తుంటే బెణికిందని చెప్పాను. బెణకలేదక్కా. మీకు తెలియకుండా హబ్సిగూడలో స్కాన్ తీయించుకున్నాను. లోపల ఎముకల మధ్య ఉండే మెత్తటి పొర చిరిగిందట. ఆపరేషన్ చేయించుకుని ఎనిమిది నెలలు ఊరుకుంటే మళ్లీ ఆడొచ్చన్నాడు డాక్టరు. చేయించుకోకుండా ఆడితే ఏదో ఒకరోజు మైదానంలోనే కూలబడతానన్నాడు. ఆ తరువాత మెట్లెక్కడం కూడా కష్టమేనట.

నా పాత కాంట్రాక్టు మే నెలాఖరుతో అయిపోయింది. కొత్తది మాటల్లో ఉంది, అందాకా క్లబ్బు గదిలోనే ఉండనిచ్చారు. కాంట్రాక్టులో ఉన్న ఆటగాడికి ఆటలో దెబ్బ తగిలితే ఆపరేషనూ, కోలుకునేదాకా జీతమూ క్లబ్బే చూసుకుంటుంది. కాంట్రాక్టు లేనివాణ్ణి ఎవరూ పలకరించరు. అందుకని ముందు రెండేళ్లకు సంతకం పెట్టాలి. పెట్టిన వారంలోపే ప్రాక్టీసులో నేను కిందపడతాను. అంతే నా పథకం.

మోసమే, తెలుసు. ఈ క్లబ్బు కోసం పగిలిన ముక్కుతో ఆడాను, జ్వరంతో ఆడాను. ఒక్క మోకాలు బాగుచేయించుకుంటే వాళ్లేం పాడైపోరని నాకు నేను చెప్పుకుంటున్నాను. నాకు ముప్పై ఒకటి. ఈ ఒక్క కాంట్రాక్టు దొరక్కపోతే నా ఆట అయిపోయినట్టే. ఫుట్‌బాల్ తప్ప నాకింకేమీ రాదు.

పాతవాళ్లకు స్కాన్ తీయరు. క్లబ్బు డాక్టరు కాలు వంచి, చాపి చూస్తాడు. ఆ కాసేపు పళ్లు బిగబట్టుకుంటే చాలు. నా తరఫున మాట్లాడే ఏజెంటు రఘువీర్ ఉన్నాడు కదా, జీతం సగానికి సగం పెంచి రెండేళ్లు రాయమని అడిగాడు. వాళ్లు ఒక ఏడాదికి, పాత జీతానికే అంటున్నారు. మోకాలి సంగతి రఘువీర్‌కు కూడా చెప్పలేదు.

అమ్మ కాచిన నూనె అయిపోయింది, ఇంకో సీసా పంపు. సాత్విక్ వాసనేమిటని అడిగితే తలకు రాసుకుంటానని చెప్పాను. వాడూ కొంచెం అడిగి రాసుకున్నాడు. ఇప్పుడు ఇద్దరి తలలూ వాము వాసన కొడుతున్నాయి.

చదివి చింపెయ్యి.

నీ తమ్ముడు
పరుశురాం


మాణికేశ్వర్ నగర్,
3 జులై 2024

ఒరేయ్ పరుశూ,

చింపేశాను. చింపి, మళ్లీ ముక్కలన్నీ పేర్చుకుని చదివాను. తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని, ఒక్కసారి చదివితే నాకు తృప్తి ఉండదు. ఆ తరువాత పొయ్యిలో పెట్టాను, నిశ్చింతగా ఉండు.

నాకు ఏడుపొచ్చింది. స్కాన్‌కు ఒక్కడివే వెళ్లావా? నన్ను పిలిస్తే క్లాసు మానేసి వచ్చేదాన్ని కాదా? ఇంట్లో కూర్చుని మామిడిపండ్లు తింటూ నవ్వావు, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు కోపంగా ఉంది.

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. నీకు కావలసింది రెండేళ్ల భద్రత. మరి జీతం సగానికి సగం పెంచమనడం దేనికి? నేను పద్నాలుగేళ్లుగా ఈ యూనివర్సిటీలో కాంట్రాక్టు మీదే పని చేస్తున్నాను. ప్రతి ఏడాదీ ఒక కాగితం ఇస్తారు, వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెడతాను. మొన్న మేమందరం జీతాలు పెంచమని ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుంటే, ఫోటోలు దిగడానికి వచ్చినవాళ్లు మమ్మల్ని కొంచెం పక్కకు జరగమన్నారు. జరిగాం. నీకిచ్చేదాంట్లో నాకు పదో వంతు రాదు. ఆ పాత జీతం నీకెందుకు చాలదో నాకు అర్థం కావడం లేదు. ఆశకు పోయి ఉన్నది పోగొట్టుకోకు.

ఇంకో కబురు. మీ క్లబ్బు మేనేజరు శశిభూషణ్‌గారు అమ్మకు ఫోన్ చేశారు. వాళ్ల ఇల్లు తార్నాకలోనేనట. అమ్మానాన్నలను చూడడానికి బోనాలప్పుడు వస్తున్నారట, మన ఇంటికీ వచ్చి వెళ్తానన్నారు. అమ్మ అప్పటి నుంచి నేల మీద నిలబడడం లేదు. "మనోని తరఫు పెద్దమనిషి వస్తుండు" అని ఎదురింటి లచ్చవ్వకు చెప్పింది, లచ్చవ్వ గల్లీ అంతటికీ చెప్పింది.

ఏప్రిల్లో లచ్చవ్వ పెద్దకూతుర్ని పంపినప్పుడు నువ్వు లేవు. అప్పగింతల మాటలు మళ్లీ మన అమ్మే చెప్పింది. కన్నతల్లి నోరు పెగలక నిలబడిపోతే, అమ్మ వియ్యపురాలి చేతులు పట్టుకుని, "పిల్లకు కోపమొస్తే అన్నం తినదు, బతిమాలితే తింటది. వానలో తడిస్తే దగ్గు పడుతది. నొప్పైతే చెప్పదు, మీరే కనిపెట్టుండ్రి" అని వరసగా చెప్పింది. పెళ్లికొడుకు తండ్రి కూడా కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఈ బస్తీ నుంచి ఏ పిల్ల వెళ్లాలన్నా మన అమ్మ బుచ్చవ్వ నోటి మీదుగా వెళ్లాల్సిందే.

నూనె పంపుతున్నాను. తలకు రాసుకోకండి, అంత మంచి నూనె దండగ.

అక్క
స్నేహలత


కోల్‌కతా,
12 జులై 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది. రెండు రోజులు ఆగి రాస్తున్నాను కాబట్టి ఇది చల్లారిన కోపం.

ఆశ అంటావా. ఇక్కడి లెక్క నీ యూనివర్సిటీ లెక్క కాదు. బాగా ఆడుతున్న డిఫెండరు పాత జీతానికే రెండేళ్లు చాలని తలూపితే, వీడికేదో అయిందని వాళ్లు మొదట పిలిచేది డాక్టర్నే. ఎక్కువ అడగాలి. అలగాలి. రఘువీర్ కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్లిపోవాలి, మర్నాడు మళ్లీ రావాలి. చివరికి జీతం మనం వదులుకుంటే, వాళ్లు ఏళ్లు వదులుకుంటారు. అడిగేది నాకు కావలసినందుకు కాదు, నా మోకాలు బాగుందని వాళ్లు నమ్మేందుకు.

జీతాలు పెరుగుతున్నాయని నువ్వు పేపర్లో చదువుతుంటావు. పెరుగుతున్నాయి, ఎవరివో చూడు. సాత్విక్‌కు ఈ ఏడాది మూడింతలు చేశారు. వాడు ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా మొత్తం ఆడలేదు. వేరే క్లబ్బు ఎక్కువిస్తానని కబురు పంపింది, అంతే. బ్రెజిల్ నుంచి వచ్చినవాడికి ఎంతో చెబితే నువ్వు నమ్మవు. అందరి జీతాలకూ కలిపి క్లబ్బు ఒక గీత గీసుకుంది, అది మాత్రం పైకి జరగదు. వీళ్లవి పెరిగినకొద్దీ ముప్పై దాటినవాళ్లవి కోస్తారు. నిరుడు నాతో ఆడిన నలుగురు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా తెలియదు.

శశిభూషణ్ గురించి. మర్యాదగల మనిషి. కాంట్రాక్టుల కమిటీకి ఫైలు రాసేది ఆయనే, ఆయన రాసిన మాట మీదే కమిటీ సంతకం పెడుతుంది. అన్నం పెట్టండి, బాగా చూసుకోండి. ఆయన దగ్గర జీతం మాట ఎత్తకు, మోకాలి మాట అసలే ఎత్తకు.

అమ్మకు ఏమీ చెప్పకు. ఆమెకు బెణుకనే తెలుసు, అట్లాగే ఉండనీ. దాచమని చెప్పామంటే ఎందుకని అడుగుతుంది, ఎందుకో చెబితే నిద్రపోదు.

పరుశు


మాణికేశ్వర్ నగర్,
29 జులై 2024

నా బంగారు తమ్ముడూ,

ఈ ఉత్తరం నిన్ననే రాయాల్సింది. బోనాల అలసటకు చేతులు రాలేదు. అలగడాల సంగతి అర్థమైంది, ఆశ అన్నందుకు చెంపలు వేసుకుంటున్నాను.

శశిభూషణ్‌గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూతరేకుల డబ్బా పట్టుకుని, గల్లీలో పోతరాజు ఆట దాటుకుంటూ వచ్చేసరికి ఆ చొక్కా నిండా పసుపు. అమ్మ అప్పుడే బోనం దించి వచ్చింది. నుదుటి బొట్టుతోనే ఆయనకు కాళ్లకు నీళ్లిచ్చింది. ఆయన కంగారుపడిపోయి, "అయ్యో, మీరు పెద్దవారు, నాకు నీళ్లివ్వడమేంటండీ" అంటూ చెంబు లాక్కున్నారు.

మటన్ కూర, బగారన్నం వడ్డించాం. మొదటి ముద్దకే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కారం చాలా బాగుందండీ" అంటూ మూడు గ్లాసుల నీళ్లు తాగారు. పాపం, అయినా కూర మాత్రం వదల్లేదు.

ఇక అసలు సంగతి. నేనేమీ అడగలేదు, ఆయనే చెప్పారు. "పరుశురాం లాంటి డిఫెండర్‌ని మేం వదులుకోమండీ. మీ ఏజెంటు గారు గట్టివాడు, జీతం దగ్గర కొంచెం తగ్గితే రెండేళ్లు నేను రాయించేస్తాను. వచ్చే వారం పేపర్లు తయారైపోతాయి." విన్నావా? రెండేళ్లు. నేను లోపలికి పోయి గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను, ముఖంలో సంతోషం మరీ ఎక్కువ కనిపిస్తే బాగుండదని.

ఆయన బయలుదేరేటప్పుడు ఆటో కోసం నేను గల్లీ చివరికి వెళ్లాను. ఊరేగింపు వల్ల ఒక్కటీ రాదు, చాలాసేపు పట్టింది. తిరిగి వచ్చేసరికి వాకిట్లో అమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఉంది. ఇద్దరి కళ్లూ తడిగా ఉన్నాయి. ఆయనవి ఈసారి కారానికి కాదు. ఆటో ఎక్కాక కూడా ఆయన వెనక్కి తిరిగి అమ్మకు దండం పెట్టారు.

ఏం చెప్పావమ్మా అని అడిగితే, "ఏం చెప్తరే, పిలగాన్ని పరాయోళ్ల చేతుల పెట్టేటప్పుడు చెప్పేదే చెప్పిన" అన్నది. నీకూ అప్పగింతలు అయిపోయాయి, ఇక అత్తవారింట్లో బుద్ధిగా ఉండు. నేను నవ్వీ నవ్వీ అలసిపోయాను. నువ్వూ నవ్వుతావని రాస్తున్నాను.

పేపర్లు రాగానే ఫోన్ చెయ్యి. ఏదో మామూలు మాటలా "అక్కా, వాన పడింది" అని చెప్పు, నాకు అర్థమవుతుంది.

అక్క


కోల్‌కతా,
7 ఆగస్టు 2024

స్నేహలతకు,

వాన పడలేదు.

సోమవారం పేపర్లకని పిలిస్తే వెళ్లాను. గదిలో పేపర్లు లేవు, డాక్టరున్నాడు. "ఎడమ మోకాలికి స్కాన్ తీద్దాం" అన్నాడు. కుడిది కాదు, రెండూ కాదు. ఎడమది. రాత్రిళ్లు వాస్తుందట కదా అని కూడా అడిగాడు. నా కాలు వాళ్ల యంత్రంలోకి వెళ్లేముందే వాళ్లకన్నీ తెలుసు.

నిన్న కమిటీ ఉత్తరం ఇచ్చింది. కొత్త కాంట్రాక్టు లేదు. ఈ నెలాఖరులోగా గది ఖాళీ చెయ్యాలి. పాతది ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఆపరేషన్‌తో వాళ్లకు సంబంధం లేదు. మంచి భవిష్యత్తు ఉండాలని కోరుతున్నామని చివర్లో రాశారు.

మొదట సాత్విక్ అనుకున్నాను. నూనె వాసన వాడికే తెలుసు. అందరి ముందూ చెంప మీద కొట్టాను. వాడు బ్యాగు తీసుకుని వేరే గదికి వెళ్లిపోయాడు. తరువాత రఘువీర్ అనుకున్నాను, సాత్విక్‌కూ ఏజెంటు అతనే. నా స్కాన్ సంగతి ఎక్కడో కనిపెట్టి, క్లబ్బుకు చెప్పి సాత్విక్‌కు ఎక్కువ ఇప్పించుకున్నావని అన్నాను. అతను నా ముఖం చూసి, "నీకు మోకాలు పోయిందన్న మాట ఇప్పుడు నీ నోటి నుంచే వింటున్నా. ఏడేళ్ల నుంచి నా దగ్గర దాచడమే నేర్చుకున్నావా" అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తడం లేదు.

ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే మిగిలింది ఒక్కరే. ఈ సంగతి ప్రపంచంలో నీకొక్కదానికే రాశాను. ఆ ఉత్తరం నిజంగా పొయ్యిలో పెట్టావా? ఆశకు పోతున్నానన్నావు. నీ జీతంతో పోల్చావు. శశిభూషణ్ మన ఇంట్లో కూర్చుని అన్నం తిన్నాడు. నా మంచి కోసమని ఏమైనా చెప్పావా? చెప్పి ఉంటే చెప్పానని రాయి.

ఫోన్ చెయ్యకు. నీ గొంతు విని అబద్ధమో నిజమో తేల్చుకునే ఓపిక నాకు లేదు.

పరుశురాం


మాణికేశ్వర్ నగర్,
14 ఆగస్టు 2024

పరుశురాంకు,

"స్నేహలతకు" అని రాశావు. చిన్నప్పుడు నువ్వు గోడ దూకి క్యాంపస్‌లో ఆడడానికి పోతే, వాచ్‌మన్ పట్టుకున్నప్పుడల్లా వచ్చి విడిపించుకుపోయింది ఆ స్నేహలతే. నీ మొదటి బూట్లకు నా డిగ్రీ స్కాలర్‌షిప్ పోయింది. నేను ఎప్పుడూ ఎత్తని మాటలు ఇవి, నువ్వు ఎత్తించావు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. నమ్మితే నమ్ము.

ఇది రాసి ఉత్తరం ముగిద్దామనుకున్నాను. ముగించలేకపోయాను. రాత్రిళ్లు వాస్తుందని వాళ్లకెట్లా తెలిసిందన్న ఒక్క మాట దగ్గర కలం ఆగిపోయింది. నువ్వు నాకు రాసిన దాంట్లో కూడా ఆ మాట లేదు. అది రాత్రిళ్లు నీ కాలు ఒళ్లో పెట్టుకున్న మనిషికే తెలుస్తుంది.

అమ్మను అడిగాను. దాచుకోవాలని కూడా ఆమెకు తెలియదు, అడగగానే చెప్పింది. "ఆ సారు చేతులు వట్టుకొని చెప్పిన. నా కొడుకు నొప్పైతే చెప్పడు సారు, ఎడమ మోకాలు రాత్రయితే ఉబ్బుతది, పండుకున్నంక పండ్లు కొరుకుతడు. నేను నూనె రాస్తే జర నిమ్మళమైతది. అక్కడ నేను లేను, మీరే కన్నేసి పెట్టుండ్రి, ఇగ వాడు మీ పిలగాడే అన్న. ఏమే, తప్పా?"

నేను అరిచాను పరుశూ. నీ నోటితోనే వాడి బతుకు తీసేశావని అరిచాను. అన్నాక ఆ మాట వెనక్కి రాలేదు. అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి బయట అరుగు మీద కూర్చుంది.

తార్నాక వెళ్లాను. శశిభూషణ్‌గారు మళ్లీ సెలవు పెట్టి వచ్చి ఇంట్లోనే ఉన్నారు. తలుపు వాళ్లమ్మ కమలాదేవిగారు తీశారు. ఎవరో చెప్పగానే, "బోనాలకి అన్నం పెట్టినవాళ్లమ్మాయివా, రామ్మా" అని లోపలికి తీసుకుపోయి కాఫీ ఇచ్చారు. నేను వాళ్లను తిట్టాలని వెళ్లాను. చేతిలో కాఫీ కప్పు పట్టుకుని ఎట్లా తిట్టాలో నాకు తెలియలేదు.

ఆయన తల వంచుకునే మాట్లాడారు. "మా చెల్లెల్ని పంపించినప్పుడు మా అమ్మ కూడా అచ్చం అలాగే చెప్పిందండీ. మీ అమ్మగారు నా చేతులు పట్టుకుని చూసుకోమన్నారు. నేను సరేనన్నాను. నేను చూసుకోవడమంటే డాక్టరుకి చెప్పడమే కదండీ. ముందే తెలిస్తే సంతకం పెట్టించి, ఆపరేషన్ కూడా చేయిస్తారనుకున్నాను. ఫైల్లో కూడా అలాగే రాశాను. కమిటీ వాళ్లు మొదటి లైను చదివి, మిగతాది చదవలేదు."

మళ్లీ అడగమని బతిమాలాను. నేను ఎప్పుడూ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు, మెట్ల మీద కూర్చున్నప్పుడు కూడా. ఆయన ముందు చాచాను. ఆయన అప్పటికే రెండుసార్లు అడిగారట. మూడోసారి అడిగితే, ఎవరి తరఫున పనిచేస్తున్నావని ఆయన్నే అడిగారట.

లేచి వచ్చేస్తుంటే గేటు దాకా వచ్చి, "మోకాలి సంగతి దాచాల్సిన విషయమని నాకు ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే" అన్నారు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. పూర్తి చేసినా ఆయన దాచి ఉండేవారో లేదో ఆయనకే తెలియదు, ముఖంలో కనిపించింది.

నువ్వు అమ్మకు చెప్పవద్దన్నావు, నేను సరేనన్నాను. నూనె రాసే చేతులకు నిజం చెప్పకుండా ఇద్దరం కూర్చుని తెలివైన ఉత్తరాలు రాసుకున్నాం.

స్నేహ


కోల్‌కతా,
21 ఆగస్టు 2024

అక్కా,

నన్ను క్షమించు అని రాస్తే చాలదు, కాని అదే రాస్తున్నాను. బూట్ల సంగతి నాకు గుర్తుంది. నీలం గీతలవి.

అమ్మను ఏమీ అనకు. అన్నావు కదా, ఇక అనకు. అమ్మ చెప్పిన మాటలు నువ్వు రాసింది చదివి బాత్‌రూంలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. ఇన్నేళ్లలో ఏ క్లబ్బులోనూ ఎవరూ నా గురించి అంత మాట చెప్పలేదు. ఎంతసేపటికీ ఎన్ని ఆడాడు, ఎంతకు ఆడతాడు, అంతే. అమ్మ తప్పేమీ లేదని నా మాటగా చెప్పు. ఇంకో క్లబ్బు దొరికిందని కూడా చెప్పు.

దొరికింది, ఒక రకంగా. ఢిల్లీలో రెండో డివిజన్ జట్టు. రఘువీర్ ఫోన్ ఎత్తకపోయేసరికి నేనే అందరికీ చేశాను. పదిమంది మళ్లీ చేస్తామన్నారు, వీళ్లు మాత్రం రమ్మన్నారు. ఆడిన మ్యాచ్‌కే డబ్బులు. ఆడకపోతే లేదు. దెబ్బ తగిలితే వాళ్లకు సంబంధం లేదని ఆరో పేజీలో ఉంది. బేరమాడమని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు, ఆడే ధైర్యమూ లేదు. ఈ నెలాఖరులోగా సంతకం కాకపోతే ఈ సీజన్‌కు ఏ జట్టులోనూ పేరు ఎక్కదు. ఒక ఏడాది ఖాళీగా ఉన్న ముప్పై రెండేళ్ల డిఫెండర్ని వచ్చే ఏడాది ఎవరు పిలుస్తారు? ఈ డబ్బు కూడబెట్టి ఆపరేషన్ చేయించుకుంటాను. అప్పటిదాకా మోకాలు ఆగితే చాలు.

దెబ్బలేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. వాళ్లు స్కాన్‌లు తీయించేంత ఉన్నవాళ్లు కాదు.

సాత్విక్ నిన్న వచ్చాడు. వాడికి జూన్ నుంచే తెలుసట. మెట్లు దిగేటప్పుడు నేను గోడ పట్టుకోవడం చూశాడట. "మీరు చెప్పలేదు కాబట్టి నేనూ అడగలేదన్నా" అన్నాడు. తలకు నూనె ఎందుకు రాసుకున్నాడని అడిగితే, గదిలో వాసన ఒక్కరి దగ్గరే వస్తే అనుమానం వస్తుందని అన్నాడు. వాణ్ణి నేను కొట్టాను.

ఢిల్లీ చిరునామా వెనక రాశాను. ఇంటి ఫోన్ నంబరని ఫారంలో అమ్మది ఇచ్చాను.

పరుశు


మాణికేశ్వర్ నగర్,
1 సెప్టెంబరు 2024

తమ్మీ,

నీ మెసేజ్ చూశాను. సంతకమైందని రాశావు. సంతోషమని జవాబు పెట్టాను, అది అబద్ధం. నాకు సంతోషంగా లేదు. ఆరో పేజీ ఫోటో పంపావు కదా, ఎన్నిసార్లు చదివినా ఒకటే చెబుతోంది. తిరిగి వచ్చెయ్యి పరుశూ. ఆపరేషన్‌కు ఏదో ఒక దారి చూద్దాం. ఎనిమిది నెలలు ఇంట్లో పడుకో, నా జీతంతో ముగ్గురం తినలేమా? తింటాం. నువ్వు రావని తెలిసే రాస్తున్నాను.

అమ్మ గురించి చెప్పాలి. నువ్వు చెప్పమన్నవన్నీ చెప్పాను, తప్పు లేదన్నావని, ఇంకో క్లబ్బు దొరికిందని. వింటుంది, తలూపుతుంది. కాని ఆమె మునుపటి మనిషి కాదు. శ్రావణంలో లచ్చవ్వ చిన్నకూతురి పెళ్లయింది. అప్పగింతలప్పుడు అందరూ అమ్మ కోసం చూశారు. "నా నోటితోని వద్దు, లచ్చవ్వా" అని వెనక్కి జరిగింది. ఆ పిల్ల ఎవరూ ఏమీ చెప్పకుండానే కారెక్కింది. గల్లీలో అందరికీ అది వింతగా ఉంది, కారణం నాకొక్కదానికే తెలుసు.

గురువారం పొద్దున అమ్మ ఫోన్ మోగింది. ఢిల్లీ నుంచి, మీ కొత్త జట్టు మేనేజరు. నీ ఆధార్ నంబరులో ఒక అంకె సరిగ్గా లేదట, నీ ఫోన్ కలవక ఇక్కడికి చేశాడు. నంబరు చెప్పడం అయిపోయాక, పెద్దావిడ కదా అని మర్యాదకు, అబ్బాయి ఆరోగ్యం అదీ బాగుంటుందా అమ్మా, మేమేమైనా జాగ్రత్తగా చూసుకోవాలా అని అడిగాడు. స్పీకర్లో నాకు వినిపిస్తూనే ఉంది.

అమ్మ నా ముఖం చూడలేదు. గోడ మీద ఉన్న నీ ఫోటో చూస్తూ, తనకొచ్చిన బస్తీ హిందీలో నిదానంగా చెప్పింది. మా వానికి ఏ నొప్పీ లేదు సాబ్. చిన్నప్పటి నుంచి గట్టి మనిషి. రాత్రయితే మంచిగ నిద్రపోతడు. వాణ్ని చూసుకునే పనేం లేదు మీకు.

ఫోన్ లాక్కుని నిజం చెప్పాలనిపించింది. చెప్పి ఉంటే నువ్వు ఈపాటికి ఇంట్లో ఉండేవాడివి. నన్ను జన్మలో క్షమించేవాడివీ కాదు. నేను కదలలేదు.

ఫోన్ పెట్టేశాక అమ్మ అడిగింది. "ఈసారి సరిగ్గ చెప్పిన్నా?"

సరిగ్గా చెప్పావమ్మా అన్నాను. నా తల్లికి అబద్ధం నేర్పి, బాగుందని మార్కులేశాను.

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ పంపుతున్నాను. మురుకులు, మామిడికాయ తొక్కు, చలికాలానికి ఒక స్వెట్టరు ఉన్నాయి. మోకాలికి గట్టిగా గుడ్డ కట్టుకో. మెట్లు మెల్లగా దిగు.

వెదకకు, పార్సిల్లో నూనె లేదు. అమ్మ పొద్దున్నే లేచి కాచింది, సీసాలో పోసి నేనే డబ్బాలో పెట్టాను. కుట్టేముందు అమ్మ దాన్ని బయటికి తీసేసింది. "ఎవలన్న ఇప్పి చూస్తే, ఇది ఎందుకని అడుగుతరు" అన్నది. సీసా ఇక్కడే, పొయ్యి పక్కన ఉంది.

నీ అక్క
స్నేహలత